చంద్రమ్మ గడపలో తొమ్మిది లీటర్లు

“సుబ్రహ్మణ్యం, ఈ షహర్‌ల నేరాలు తగ్గుతున్నయంటే కారణం పోలీసులు గాదు. నేను రిటైరై ఖాళీగున్న అన్న ఖబర్ దొంగలకు తెల్సిపోయింది. గజగజ వణుకుతున్నరు!”

ఈ ప్రకటన చేసి డిటెక్టివ్ ముకుంద్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ కుర్చీకి వెనక కాలు ఒకటి పొట్టి. అందుకని గొప్ప మాట చెప్పిన ప్రతిసారీ ఆయన ఉలిక్కిపడి గోడ పట్టుకోవలసి వచ్చేది.

శాలిబండలో దర్జీ అంజన్ దుకాణం మీది గదికి ‘ముకుంద్ ఇన్వెస్టిగేషన్స్’ అని బోర్డు తగిలించి ఏడాదిన్నర అయింది. అంతకుముందు ముప్పై ఏళ్లు ఆయన సిటీ బస్సుల్లో చెకింగ్ ఇన్‌స్పెక్టర్. టికెట్ లేనివాణ్ణి ముఖం చూసి పట్టేస్తానని ఆయన నమ్మకం. ఆ నమ్మకం వల్ల టికెట్ ఉన్నవాళ్లు ఎంతమంది నడిరోడ్డు మీద దిగవలసి వచ్చిందో ఎవరూ లెక్క తీయలేదు. టికెట్లకు చిల్లులు పొడిచే పాత మిషన్ ఇప్పటికీ ఆయన జేబులోనే ఉంటుంది. ఆలోచన ముదిరినప్పుడు అది టక్ టక్ మంటుంది. ఇంతవరకు చేపట్టిన కేసులు మూడు. మొదటిది అంజన్ కత్తెర పోయిన కేసు. ముకుంద్ విచారణ కోసం కూర్చోగానే అది దొరికింది, ఆయన కిందే. మిగిలిన రెండూ విచారణలో ఉన్నాయి.

సుబ్రహ్మణ్యం చాయ్ కప్పు కింద పెట్టి తల ఊపాడు. ఆయన కంచన్‌బాగ్‌లో లోహాల కర్మాగారంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. యంత్రాల మీది మీటలకు పేర్లు రాసి పలకలు బిగించడం ఆయన పని. కొత్తగా వచ్చి చేయి పెట్టేవాడికి ఆ పలక మీది ఒకటి రెండు మాటలే దిక్కు. అందుకే ఒక మాట రాసేముందు పది మాటలు కొట్టేసేవాడు. ఎనిమిది నెలల కిందట భార్య రంగనాయకి పోయిన తరువాత, మాట్లాడేటప్పుడు కూడా అలాగే కొట్టేస్తున్నాడు. పగలు ముకుంద్ గదిలో కూర్చుంటాడు. అక్కడున్న సుఖమేమిటంటే, ఎదుటివాడు మాట్లాడవలసిన అవసరమే రాదు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ముకుంద్ చేయి ఎత్తాడు.

“ఆగు! ఇద్దరు వస్తున్నరు. ఒకడు బరువున్న మనిషి. రెండోవాడు కుంటివాడు. ఫౌజ్‌ల గోలి తగిలి పారిపోయొచ్చినోడు. సుబ్రహ్మణ్యం, దర్వాజ పక్కకు జరుగు!”

లోపలికి పాల డెయిరీ పెంటయ్య వచ్చాడు. వెనకాల ఆయన కూతురు నందిని, తెగిన చెప్పు చేతిలో పట్టుకుని.

“ముకుందన్నా, నీతోని జర పని వడ్డది,” అన్నాడు పెంటయ్య చెమట తుడుచుకుంటూ. “మా గల్లీల చంద్రమ్మక్క గడప ముంగట మూడు దినాల సంది తొమ్మిది లీటర్ల పాలు వడుతున్నయ్. ఆమెకు గావల్సింది అర లీటరు.”

“శవం ఏది?”

“శవమేంది అన్నా! పాలు.”

“అంటే శవం ఇంక దొరకలే.” ముకుంద్ మిషన్ టక్‌మంది. “చెప్పు. ఏదీ దాచొద్దు.”

చెప్పింది నందిని. ఆమె మంచి ఉద్యోగం మానేసి, ఇంటి డెయిరీ కోసం ఫోన్లో ‘పాలగల్లీ’ అని ఒక యాప్ తయారుచేసింది. రేపు ఎన్ని ప్యాకెట్లు కావాలో ఈ రోజు సాయంత్రం ఏడులోగా అందులో చెప్పాలి. తెల్లవారేసరికి మహేందర్ మోపెడ్ మీద తెచ్చి గడప ముందు పెడతాడు. మిగతా గల్లీలన్నిటిలో బాగానే ఉంది. ఈ గల్లీలో మాత్రం ఏడిళ్ల పెద్దవాళ్లలో ఆండాలుకు తప్ప ఎవరికీ పెద్ద ఫోన్ లేదు. అందరూ ఆండాలు ఫోన్లోనే, ఆమె అరుగు మీద కూర్చుని చెప్పుకుంటారు.

“పెద్దామె అని ముందుగాల చంద్రమ్మ పెద్దమ్మకు ఫోనిస్తరు అంకుల్. ఆమె పనైనంక ఎర్ర బటన్ నొక్కి బయటికి రావాలె. అప్పుడు అది ఇంకొకళ్ల నంబర్ అడుగుతది. నాకైతే రోజూ ఏడిళ్లవి పద్దెనిమిది అర లీటర్ ప్యాకెట్లూ చంద్రమ్మ పెద్దమ్మ పేరు మీదనే వస్తున్నయ్. మిగిలిన ఆరిళ్లకు ఒక్కటి లేదు.”

“ఆ ఎర్రది నొక్కుతలేరేమో,” అన్నాడు సుబ్రహ్మణ్యం.

“అడిగిన అంకుల్. ‘ఆఁ, నొక్కుతున్నం బిడ్డా’ అన్నరు. ఏడుగురు గదే మాట. మాట సమజైందా అని గూడ అడిగిన. మంచిగ సమజైందన్నరు. మూడు దినాల సంది నేను రాసిందంతా తిరగేస్తున్న, తప్పు దొరుకుతలే.”

“నాకిదంత తెల్వదు,” అన్నాడు పెంటయ్య. “ఆరిళ్లల్ల చాయ్ లేదు. గల్లీల ఒకటే లొల్లి. శుక్రారం పొద్దుగాల దాకా చూస్త. అప్పటికీ గిట్లనే ఉంటే ఆ యాప్ బంద్. మా నాయినలెక్క గడప గడపకు పోయి అడుగుత. నువ్వు మల్ల నౌకరీ చూస్కో.”

నందిని చెప్పు వారు పట్టుకుని లాగింది. అది పూర్తిగా ఊడి చేతిలోకి వచ్చింది.

సుబ్రహ్మణ్యం చాయ్ చల్లారిపోయింది. ఆ యాప్‌లో ఉన్న పన్నెండు మాటలూ ఆయన ఎంచినవే. ‘అంకుల్, మీటలకు పేర్లు పెట్టేది మీకు తెల్సినంత ఎవరికీ తెల్వదు’ అని నందిని అడిగితే, ఎనిమిది నెలల్లో మొదటిసారి బల్ల ముందు కూర్చున్నాడు. ఐదు రోజులు పట్టింది. లోపలికి వచ్చేవాళ్లను పలకరించడానికి ‘రండి’ అని రాశాడు. మొదటి పేజీకి ‘ముంగిలి’. ఎర్ర మీట దగ్గర ‘బంద్’ కొట్టేశాడు, ‘ముగింపు’ కొట్టేశాడు, చివరికి ‘నిష్క్రమణ’ అని రాశాడు. కర్మాగారంలో ప్రతి తలుపు మీదా ఉన్న మాట. ముప్పై ఒక్క ఏళ్లలో దాన్ని చూసి ఎవరూ దారి తప్పలేదు.

“కేసు తీసుకుంటున్న,” అన్నాడు ముకుంద్ లేచి. “పెంటయ్యా, ఇది పాల ముచ్చట గాదు. పాల ఎనుక పెద్ద చేయి ఉన్నది. ఆ చేతికి బేడీలు పడేదాకా ఈ ముకుంద్ కంటికి కునుకు రాదు!”

కిందనుంచి అంజన్ కేక వేశాడు. “ముకుంద్ భాయ్, జర మెల్లగ! సూదిల దారం ఎక్కిస్తున్న!”

*

బుధవారం తెల్లవారుజామున ఇద్దరూ గల్లీలోకి వెళ్లారు. చంద్రమ్మ గడప ముందు పద్దెనిమిది ప్యాకెట్లు మూడు వరుసల్లో ఉన్నాయి. అన్నిటి మీదా పసుపు నీళ్లు చల్లి ఉన్నాయి.

“ఆహా! పసుపు రంగు విషం,” అన్నాడు ముకుంద్.

“నేనే చల్లిన,” అంది లోపలినుంచి చంద్రమ్మ. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. గడప దాటకుండా నిలబడి వేలు చూపింది. “అడగని పాలు ఇంటి ముంగటికి వస్తయా కొడుకా? ఎవడో బాణామతి చేసిండు. అందుకే ముట్టుకోలే. ఇగ పసుపునీళ్లు వడ్డ పాలని ఆరిళ్లోళ్లు గూడ ముట్టుకుంటలేరు. మొన్నటియి మొత్తం ఇరిగినయ్.”

“అమ్మా, నీకు శత్రువులెవరన్న ఉన్నరా?”

“ఉండె. అందరు పోయిండ్రు. నేనే మిగిలిన.”

ఈ సమాధానం ముకుంద్ లెక్కలో లేదు. సాక్ష్యాన్ని గుర్తుపెట్టాలన్నాడు. టికెట్లకు పెట్టినట్టే ఒక ప్యాకెట్ అంచు మిషన్‌లో పెట్టి నొక్కాడు. పాలు సన్నని ధారగా లేచి సరిగ్గా ఆయన మీసం మీద పడ్డాయి. సుబ్రహ్మణ్యం జేబురుమాలు తీసి ఇచ్చాడు.

“సుబ్రహ్మణ్యం, ఇయ్యి ఎవరి పాలో గని, చిక్కగ ఉన్నయ్.”

అప్పుడే మహేందర్ ఖాళీ డబ్బాలతో తిరిగి వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, పొద్దున మూడు గంటలకు లేచిన కళ్లు.

“ఆగు! నీ ముఖంల టికెట్ లేదు!” అని అరిచాడు ముకుంద్.

“ఏం టికెట్ అన్నా? మోపెడ్‌కా?”

“చంద్రమ్మ గడపల ఇన్ని పాలు ఎవరు పెట్టమన్నరు?”

“ఫోను. పేరు చూపిస్తది, ఎన్నో చూపిస్తది, వెడత. నా దిమాక్ వాడొద్దని పెంటయ్య కాక చెప్పిండు. వాడుతలే.”

“మస్తు ట్రైనింగ్ ఉన్నది వీనికి,” అని ముకుంద్ సుబ్రహ్మణ్యం చెవిలో చెప్పాడు. “మనం ఎనుకబడాలె.”

వెనకబడడానికి ఆయన ఎంచిన మార్గం షేర్ ఆటో. మలుపులో ఆగి ఉన్న ఆటోలో వెనక సీటులో నక్కి, పేపర్ అడ్డం పెట్టుకుని, మహేందర్ కదలికలు గమనిస్తూ నిద్రపోయాడు. ఆటో నిండింది. సుబ్రహ్మణ్యం రోడ్డు మీదనుంచి చేయి ఊపుతుండగానే వెళ్లిపోయింది. పదిన్నరకు ముకుంద్ సంతోష్‌నగర్‌నుంచి ఫోన్ చేశాడు. ఇక్కడ ఒక పాలబూత్ ఉందనీ, అందులో పాలు అమ్ముతున్నారనీ, ఇది యాదృచ్ఛికం కానేకాదనీ చెప్పాడు. వెనక ఎవరో “చాచా, దూద్ లేనా హై తో లో, నై తో సైడ్ హో జావ్” అని, పాలు కొనకపోతే పక్కకు జరగమంటున్నారు.

సుబ్రహ్మణ్యం ఒంటరిగా నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. దారిలో నందిని ఎదురైంది. కొత్త చెప్పులు కొనలేదు, పాతవాటికి పిన్నీసు పెట్టింది.

“అంకుల్, తప్పు నా యాప్‌ల ఉన్నదా, మనుషుల్ల ఉన్నదా?”

“మీట ఉన్నచోట తప్పు మనుషుల్ల ఉండదు బిడ్డా. మా దగ్గర గదే చెప్పేటోళ్లు.”

“అంటే నాదేనా?”

ఆయన కొన్ని మాటలు వెతికి, కొట్టేశాడు. “రేపు సాయంత్రం అరుగు మీదికి పోయి చూస్త,” అన్నాడు.

*

గురువారం సాయంత్రం ఆరున్నర. ఆండాలు అరుగు మీద ఏడుగురూ చేరారు. ఇళ్లలో దీపాలు పెట్టే వేళ. పెంటయ్య గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నందిని తండ్రికి దూరంగా నిలబడింది. సుబ్రహ్మణ్యం మెట్టు మీద కూర్చున్నాడు. ముకుంద్ మధ్యలో అటూ ఇటూ నడుస్తున్నాడు. అరుగు చిన్నది కనుక రెండడుగులకొకసారి తిరగవలసి వస్తోంది.

“ఈడున్న ఏడుగురిల ఒకరు అబద్ధం చెప్తున్నరు!”

ఏడుగురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అందరి ముఖాల్లోనూ టికెట్ లేదు. ముకుంద్ కొంచెం కంగారుపడ్డాడు.

“ఆండాలమ్మా, ఫోన్ నీదే గద?”

“నాదే. మా అల్లుడు కొనిచ్చిండు. అయితే ఏంది?”

“చంద్రమ్మ పనైనంక ఎర్ర బటన్ నొక్కినవా?”

“నొక్కిన.”

“నిజంగ?”

“నొక్కిన అనుకో,” అంది ఆండాలు చూపు తిప్పుకుని.

“అనుకోవుడేంది?”

“ఈ యాళ్ల ఎందుకు నాయినా గా ముచ్చట? పొద్దుగాల రా, చెప్త.”

“పొద్దుగాల దాకా నేరస్థుడు సరిహద్దు దాటుతడు! ఎవరన్న కదిలితే మంచిగుండదు. ఇప్పుడు ఈ ఫోన్ మీద వేలిముద్రలు తీస్త.”

ముకుంద్ జేబులోంచి మొహానికి రాసుకునే పౌడర్ డబ్బా తీశాడు. ఫోన్ అప్పటికే తెరిచి ఉంది. చంద్రమ్మ తన ఒక ప్యాకెట్ చెప్పేసింది, తరువాత ఆండాలు చెప్పబోతోంది. ముకుంద్ ఫోన్ లాక్కుని పౌడర్ దట్టంగా చల్లి, వంగి, ఉఫ్ అని ఊదాడు. పౌడర్ లేచి తిన్నగా ఆయన ముక్కులోకే పోయింది.

తుమ్ము వచ్చింది. బస్సులో ఫుట్‌బోర్డు మీది జనాన్ని లోపలికి నెట్టేంత తుమ్ము. ఫోన్ గాల్లోకి ఎగిరింది. ముకుంద్ రెండు చేతులతో పట్టుకోబోయి, ఒకసారి వదిలి, మళ్లీ అందుకుని, కింద పడకుండా బొటనవేలితో అదిమిపట్టాడు. వేలు పడిన చోట ఎర్రగా ఉంది.

“అయ్యో!”

ఏడుగురూ ఒక్కసారే అన్నారు. ఆండాలు నోటిమీద చేయి పెట్టుకుంది. చంద్రమ్మ రెండు చెంపలూ వేసుకుంది. “లచ్చిమి తల్లీ, వానికి తెల్వదు, వాడు పిచ్చోడు” అంది.

ముకుంద్ బిత్తరపోయాడు. “ఏమైంది? పేలుతదా ఇది?”

నందిని ముందుకు వచ్చి ఫోన్ చూసింది. తెర మీద కొత్త పేజీ ఉంది: మీ నంబరు చెప్పండి.

“ఆండాలత్తా, రోజూ గిది వస్తదా?”

“ఎన్నడు రాలే బిడ్డా. మొదటి దినం చంద్రమ్మక్క నంబర్ అడిగింది. అటెన్క మమ్ముల ఎవ్వరినీ అడగలే. అందరం ఒకటే గల్లీ గద, గుర్తువడుతుందనుకున్నం.”

గల్లీలో ఎవరో గంట కొడుతున్నారు. పెంటయ్య గోడనుంచి ముందుకు జరిగాడు. సుబ్రహ్మణ్యం మెట్టు మీదనుంచి లేచి, చంద్రమ్మ ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

“అమ్మా, ఆ ఎర్రది ఎందుకు నొక్కలే?”

చంద్రమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది.

“సమజ్ గాలేదా?”

“మంచిగ సమజైంది. ఈ ఆండాలు మనుమరాలు చదివి చెప్పింది, ఎల్లిపోవుడు అని. మొదటి దినం నుంచి చూస్తనే ఉన్న, ఎర్రగ కండ్లు చేసుకొని కూసున్నది. ఎవరు రాసిండ్రో గని.” చంద్రమ్మ గొంతు తగ్గించింది. “దీపాలు వెట్టే యాళ్ల. చేతుల ఉన్నది పాల ముచ్చట. పాలంటే లచ్చిమి. దీపం వెట్టినంక చుట్టాలొచ్చి అడిగినా గిన్నెడు పాలు గడప దాటనియ్యం. అసువంటిది, ఎల్లిపో అని రాసిన దాన్ని నా చేత్తోని నొక్కాల్నా? నా కోడళ్లు, మనుమలు ఉన్న ఇల్లది.”

“మరి నొక్కినమని ఎందుకు చెప్పిండ్రు పెద్దమ్మా?” అంది నందిని.

“నువ్వు కష్టపడి చేస్తివి. మంచిగ లేదని ఎట్ల చెప్పాలె బిడ్డా?”

సుబ్రహ్మణ్యం నేలమీద ఉన్న పౌడర్‌లో వేలితో గీత గీశాడు. దాన్ని తుడిచేశాడు. కర్మాగారంలో నిష్క్రమణ తలుపు దాటినవాళ్లు మరునాడు ఎనిమిదింటికి మళ్లీ వచ్చేవాళ్లు. వాళ్లకు ఆ మాటకు భయపడవలసిన పని లేదు.

“ఏమని రాస్తే నొక్కుతవమ్మా?”

“రాయనీకి ఏమున్నది?” చంద్రమ్మ ఆశ్చర్యపోయింది. ఇంత పెద్దవాడికి ఇది చెప్పాలా అన్నట్టు చూసింది. “ఇంట్లకెళ్లి బయటికి పోయేటోళ్లు ఏమంటరు? పోయొస్త అంటరు. పోయొస్త అనకుండ ఎవరన్న పోతరా?”

ఎనిమిది నెలల కిందట చివరిసారి ఆటో ఎక్కేముందు రంగనాయకి ఆ మాటే అంది. ముందు గ్యాస్ కట్టేశారా అని అడిగింది. కట్టేశానన్నాడు. తరువాత ఆ మాట అంది.

సుబ్రహ్మణ్యం కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. “నందినీ, మార్చు బిడ్డా. నిష్క్రమణ కొట్టెయ్. పోయొస్త అని పెట్టు. ఆ ఎర్ర రంగు గూడ తీసెయ్.”

“ఏం రంగు పెట్టాలె అంకుల్?”

ఆయన చంద్రమ్మ వైపు చూశాడు.

“పసుపు,” అంది చంద్రమ్మ.

నందిని తన సంచిలోంచి కంప్యూటర్ తీసి అరుగు మీదే కూర్చుంది. ఏడు కావడానికి పదకొండు నిమిషాలున్నాయి. పెంటయ్య గడియారం చూసుకుంటూ ఏదో అనబోయాడు. ఆండాలు ఆయనకు చాయ్ ఇవ్వబోయి, పాలు లేవని గుర్తొచ్చి, మంచినీళ్లు ఇచ్చింది. ఐదు నిమిషాలు తక్కువ ఏడుకు నందిని చంద్రమ్మ నంబరు మళ్లీ కొట్టి ఫోన్ ఆమె చేతికి ఇచ్చింది. కింద పసుపు రంగు మీద ఆ మాట ఉంది. ఆండాలు మనుమరాలు లోపలినుంచి వచ్చి చదివి వినిపించింది.

చంద్రమ్మ చూపుడు వేలు చీర కొంగుకు తుడుచుకుంది. “పోయొస్త తల్లీ,” అని పైకే చెప్పి నొక్కింది.

మీ నంబరు చెప్పండి, అంది తెర. ఆండాలు ఫోన్ అందుకుంది. తన పనయ్యాక ఆమె కూడా పైకే చెప్పి నొక్కింది. ఆ తరువాత అందరూ పైకి చెప్పే నొక్కారు. అలా చెప్పాలని ఎవరూ రాయలేదు.

*

శుక్రవారం పొద్దున ఏడు గడపల ముందు ఏడిళ్ల పాలు పడ్డాయి. చంద్రమ్మ గడపలో ఒకే ఒక ప్యాకెట్ ఉంది. ఆమె దానికి పసుపునీళ్లు చల్లలేదు. పెంటయ్య గల్లీ ఈ చివరనుంచి ఆ చివర దాకా రెండుసార్లు నడిచి, కూతురు దగ్గర ఆగాడు.

“చెప్పులు కొనుక్కోరాదు? ఆ పిన్నీసుతోని ఎన్ని దినాలు నడుస్తవ్,” అన్నాడు. నౌకరీ ముచ్చట ఎత్తలేదు.

ఆ సాయంత్రం అంజన్ దుకాణం మీది గదిలో ముకుంద్ కేసు డైరీ రాస్తున్నాడు.

“చూసినవా సుబ్రహ్మణ్యం! అందరు అది తుమ్ము అనుకుంటున్నరు. కాదు. పథకం. నేరస్థుడు ఏమరిపాటుగ ఉన్నప్పుడు తుమ్మి, బొటనవేలితోని సత్యాన్ని పట్టుకునుడు. దీనికి పేరు పెట్టాలె. నువ్వు పేర్లు మంచిగ పెడ్తవ్ గద?”

“ఐదు దినాలు పడ్తది,” అన్నాడు సుబ్రహ్మణ్యం.

“ఫికర్ లేదు. చరిత్ర ఆగుతది.”

ఏడు కావస్తోంది. సుబ్రహ్మణ్యం ఫోన్ తీసి ‘పాలగల్లీ’ తెరిచాడు. పైన రంగనాయకి అని ఉంది. మొదటి రోజు నంబరు అడిగితే, ఇన్నేళ్లుగా డెయిరీలో భార్య పేరు మీద చెప్పిన నంబరే వేలికి వచ్చింది. ఆ రోజునుంచి ఆయన కూడా ఎర్ర మీట నొక్కలేదు. తాను రాసిన మాటే కనుక దాని గురించి ఆలోచించలేదు.

ఇప్పుడది పసుపుగా ఉంది. చాలాసేపు చూసి, నొక్కాడు. పేరు పోయింది. మీ నంబరు చెప్పండి, అంది తెర. ఆయన ఒక్కొక్క అంకె నెమ్మదిగా కొట్టాడు.

‘రంగనాయకి గారూ, రండి.’

ముకుంద్ మెడ చాచి చూశాడు. మిషన్ టక్‌మంది. “ఏంది సుబ్రహ్మణ్యం, బయటికి పోయి మల్ల గదే నంబర్‌తోని లోపటికి వచ్చినవ్? బహుత్ అనుమానాస్పదం!”

“మీట పనిచేస్తుందా లేదా అని చూసిన.”

“చేస్తుందా?”

“చేస్తుంది.”

“అయితే ఈ కేసు ఖతం!” అని ప్రకటించి, డిటెక్టివ్ ముకుంద్ కుర్చీలో వెనక్కి వాలి, ఉలిక్కిపడి, గోడ పట్టుకున్నాడు.